వేడుకకు ముగింపు వేళే అసలు ప్రణాళిక: ఒడిశా సరిహద్దు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల ఉత్సవాలు, భద్రత

ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని విద్యాసంస్థల్లో చదువుల క్యాలెండర్‌కు సమాంతరంగా వేడుకల క్యాలెండర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. భాద్రపదంలో వినాయక పూజ, ఆ దరిదాపుల్లోనే కొత్త విద్యార్థుల స్వాగత సభలు, డిసెంబరు, జనవరి నెలల్లో పిక్నిక్‌లు, మాఘంలో సరస్వతీ పూజ, వేసవికి ముందు వార్షికోత్సవాలు, వీడ్కోలు సభలు వరుసగా వస్తాయి. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం మొదలుకొని 2009లో కోరాపుట్‌లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం దాకా, పర్లాకిమిడిలోని పాత కళాశాల మొదలుకొని కొత్త ప్రైవేటు సంస్థల దాకా ఈ వరుసలో పెద్ద తేడా కనిపించదు. తేడా ఉన్నదల్లా వచ్చే విద్యార్థుల్లోనే. ఒడియా, తెలుగు, సవర, కుయి మాట్లాడే కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. కొందరు హాస్టల్లో, కొందరు అద్దె గదుల్లో ఉంటే, మరికొందరు ఇచ్ఛాపురం, పాతపట్నం వంటి ఊళ్ల నుంచి రోజూ రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చి వెళుతుంటారు. ఒక సాయంత్రం వేడుక ముగిశాక వీళ్లంతా ఒకే చోటికి వెళ్లరు. భద్రత గురించిన చర్చ ఇక్కడి నుంచే మొదలు కావాలి, కానీ సాధారణంగా అలా జరగదు.

అనుమతి కోసం విభాగాధిపతికో రిజిస్ట్రారుకో పెట్టుకునే దరఖాస్తును గమనిస్తే సంగతి అర్థమవుతుంది. అందులో కార్యక్రమం పేరు, తేదీ, మొదలయ్యే సమయం, ముఖ్య అతిథి పేరు ఉంటాయి. ఎప్పుడు ముగుస్తుందన్నది చాలాసార్లు ఉండదు. ముగిశాక ఎవరు ఎలా వెళతారన్నది దాదాపు ఎప్పుడూ ఉండదు. ‘క్రమశిక్షణతో నిర్వహిస్తాం’ అనే హామీ మాత్రం తప్పకుండా ఉంటుంది. కాగితం మీద సంతకం పడగానే బాధ్యత తీరిపోయిందని యాజమాన్యమూ, అనుమతి దొరికింది కనుక పని అయిపోయిందని విద్యార్థులూ అనుకోవడం పరిపాటి. అనుమతి వేరు, ప్రణాళిక వేరు.

ఇలాంటి సాయంత్రం ఒకటి ఎలా గడుస్తుందో చూద్దాం. అయిదింటికి మొదలు కావలసిన సభ ముఖ్య అతిథి కోసం ఆగి ఆరున్నరకు మొదలవుతుంది. ప్రసంగాలు, జ్ఞాపికలు, శాలువాలు పూర్తయ్యేసరికి ఎనిమిది. నృత్యాలు అప్పుడు మొదలవుతాయి. జనం మధ్యలో లేచిపోకూడదని భోజనం చివరికి పెడతారు కాబట్టి పళ్లేలు చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. పాటలు ఇంకా మోగుతూనే ఉంటాయి. ఇచ్ఛాపురం వెళ్లవలసిన వాళ్లు ఎంగిలి చేతులతోనే ఆటో కోసం ఫోన్లు చేస్తుంటారు. మోటారు సైకిల్ ఉన్న స్నేహితుడి వెనక ఇద్దరు ఎక్కుతారు, హెల్మెట్ ఒక్కటీ ఉండదు. హాస్టల్ గేటు మూసేస్తారన్న భయంతో కొందరు అమ్మాయిలు దీపాలు లేని అడ్డదారి పడతారు. నిర్వాహకులు అప్పుడు ఎక్కడున్నారంటే, టెంట్‌హౌస్ వాడితో కుర్చీల లెక్క తేల్చుకుంటూ ఉంటారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ప్రమాదానికి కావలసినవన్నీ మాత్రం ఉన్నాయి.

అందుకే ఇక్కడి ప్రణాళికను చివరి నుంచి వెనక్కి లెక్కకట్టడం మేలు. దూరం వెళ్లే విద్యార్థికి చివరి బస్సో రైలో ఎన్నింటికి ఉందో ముందు తెలుసుకోవాలి. దానికి ముప్పావు గంట ముందు సంగీతం ఆగాలి. భోజనం దానికి ముందే, వీలైతే పాటల కన్నా ముందే పూర్తి కావాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే సభ ఆగదని ఆహ్వానం ఇచ్చేటప్పుడే వినయంగా చెప్పాలి. ఇది మర్యాద తప్పడమని అనుకునేవారు ఉంటారు గానీ, ఇరవై ఏళ్ల పిల్లల్ని రాత్రి పదింటికి రోడ్డు మీద నిలబెట్టడం కన్నా పెద్ద అమర్యాద ఏముంటుంది? ఆ సమయానికి బస్సు లేకపోతే చందాలో కొంత భాగం రెండు వాహనాల అద్దెకు పోవాలి. వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ ఒక సైజు తగ్గితే సభకు వచ్చే లోటేమీ లేదు.

ముగింపు వేళను నిర్ణయించడానికి చట్టం కూడా ఒక ఆధారం ఇస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సుప్రీంకోర్టు 2005 జులైలో ఇచ్చిన తీర్పు దీన్ని గట్టిగా నిలబెట్టింది. సాంస్కృతిక, మత ఉత్సవాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉన్నా, అది ముందే ప్రకటించిన రోజులకే వర్తిస్తుంది గాని అడిగిన ప్రతి కళాశాలకూ కాదు. పైగా విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా పరిగణించవచ్చు. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్, రాత్రి పరిమితి 40. డీజే పెట్టెలు పేర్చిన వేదిక ముందు ఈ అంకెలు చదివితే నవ్వు రావచ్చు. పక్కనే హాస్టల్లో మర్నాటి పరీక్షకు చదువుకుంటున్న వాడికి మాత్రం నవ్వు రాదు.

జనసమ్మర్దం విషయంలో నేర్చుకోవలసిన పాఠం కొచ్చిలో ఉంది. 2023 నవంబరు 25న అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ఉత్సవం సందర్భంగా ఆరుబయలు ప్రేక్షకశాలలో సంగీత కార్యక్రమం జరగవలసి ఉంది. గేటు బయట జనం నిలిచి ఉండగా వాన పడటంతో అందరూ ఒక్కసారి లోపలికి తోసుకువచ్చారు. గేటు దాటగానే దిగుడు మెట్లు ఉన్నాయి. ముందున్నవాళ్లు పడ్డారు, వెనకవాళ్లకు ఆ సంగతి తెలియలేదు. నలుగురు చనిపోయారు. అక్కడ గొడవ లేదు, తాగుడు లేదు, శత్రుత్వం లేదు. ఇరుకు దారి, దిగుడు మెట్లు, ఆకస్మికంగా వచ్చిన వాన మాత్రమే ఉన్నాయి. మన అధికారులు ‘పిల్లలు అల్లరి చేస్తారేమో’ అని పోలీసులను పిలుస్తారు గాని, గేటు వెడల్పు ఎంత, అవతల మెట్లున్నాయా అని కొలిచేవారు అరుదు.

నిలబడి చూసే జనంలో చదరపు మీటరుకు ఇద్దరు, ముగ్గురు ఉన్నంత వరకు మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. నలుగురైదుగురు దాటితే కదలిక అతని చేతుల్లోంచి జారిపోవడం మొదలవుతుంది. ఆరేడుగురు అయితే గుంపంతా నీటి అలలా ఊగుతుంది, ఎవరు ఎవరిని తోశారో చెప్పలేం. ఊపిరాడకపోవడమే అప్పటి మరణాలకు ముఖ్య కారణం, తొక్కుడు కాదు. దీన్ని లెక్కలోకి మార్చడం కష్టం కాదు. ఇరవై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు ఉన్న హాలు మూడు వందల చదరపు మీటర్లు. వేదికకు, నడిచే దారులకు మూడో వంతు తీసేస్తే మిగిలేది రెండు వందలు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున నాలుగు వందల మంది. అయిదు వందల మందికి పాసులు అచ్చు వేయిస్తే, ఆ అదనపు వంద మంది ఎక్కడ నిలబడతారో అచ్చు వేయించినవారే చెప్పాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, కార్యక్రమం నడుస్తున్నంత సేపూ వాటికి గొళ్లెం, తాళం ఉండకూడదు. బయటివాళ్లు రాకుండా వెనక గేటుకు తాళం వేయడం మన దగ్గర బాగా అలవాటైన పని. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోవడానికి మూసుకుపోయిన దారులు ఒక ముఖ్య కారణం.

విద్యుత్తు సంగతికి వస్తే, షామియానా కింద ప్రమాదం సాధారణంగా నేల మీదే పడి ఉంటుంది. జనరేటరు నుంచి వేదిక దాకా లాగిన వైరుకు మధ్యలో రెండు మూడు అతుకులు, వాటి చుట్టూ నల్ల టేపు, ఆ టేపు మీదుగా నడిచే చెప్పులు, పక్కనే తాగునీటి డ్రమ్ము నుంచి కారుతున్న నీళ్లు. ఈ దృశ్యాన్ని చూడని కళాశాల లేదు. అతుకులు ఉంటే నేలకు పైన, వాన తగలని చోట ఉండాలి. వేదిక ఇనుప చట్రానికి అర్తింగ్ ఇవ్వాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా తెగే బ్రేకరు బోర్డులో ఉండాలి. తాత్కాలిక కనెక్షన్ కావాలంటే దక్షిణ ఒడిశాలో సరఫరా చూసే టీపీఎస్‌వోడీఎల్‌కు దరఖాస్తు చేయాలి గాని, స్తంభం మీద కొక్కెం వేయకూడదు. నిమజ్జనం ఊరేగింపులో బండి ఎత్తు, దానిపై విగ్రహం, ఆ పైన కట్టిన అలంకరణ కలిపి కొలిచి, దారిలో తీగలు ఎంత ఎత్తున వేలాడుతున్నాయో పగటి పూట నడిచి చూసి రావాలి. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కలిమేడు రథోత్సవంలో రథం హై టెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయిన సంగతి ఈ కొలత ఎందుకో చెబుతుంది.

కొత్త విద్యార్థుల స్వాగత సభ గురించి ఒక అపోహ బలంగా ఉంది. ర్యాగింగ్ భయంతో చాలా సంస్థలు ఫ్రెషర్స్ పార్టీనే రద్దు చేస్తుంటాయి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు చెబుతున్నది దాదాపు ఇందుకు వ్యతిరేకం. సీనియర్లు, అధ్యాపకులు కలిసి ప్రతి విభాగంలోనూ, వీలైతే తరగతులు మొదలైన రెండు వారాల్లోపే స్వాగత సభ జరపాలని అవి నిర్దేశిస్తాయి. రద్దు చేసిన సభ నిజానికి రద్దు కాదు. అది క్యాంపస్ బయట లాడ్జి గదికో, గోపాల్‌పూర్ ఒడ్డుకో తరలిపోతుంది. అక్కడ అధ్యాపకుడు ఉండడు, ప్రథమ చికిత్స పెట్టె ఉండదు, పిలిస్తే పలికే వాచ్‌మన్ కూడా ఉండడు.

అవే నిబంధనల్లో ఇంకో అంశం ఉంది. తోటి విద్యార్థి మీద బలవంతపు ఖర్చు మోపడం కూడా ర్యాగింగేనని నిర్వచనంలో స్పష్టంగా ఉంది. ‘తలకు ఇంత’ అని వాట్సాప్‌లో పేర్ల జాబితా పెట్టి, ఇవ్వనివాళ్ల పేర్లకు ఎర్ర చుక్క తగిలించడం ఈ దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు. రాయగడ కొండల నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చిన విద్యార్థికి ఆ మొత్తం ఒక నెల కూరల ఖర్చు కావచ్చు. అలాగే 2016లో జరిగిన సవరణ భాష, ప్రాంతం, పుట్టిన చోటు, ఆర్థిక స్థితి ఆధారంగా అవమానించడాన్ని కూడా ర్యాగింగ్ పరిధిలోకి తెచ్చింది. సరిహద్దు జిల్లాల్లో వేదిక మీద ఒకరి యాసను వెక్కిరించే స్కిట్టుకు చప్పట్లు తేలికగా పడతాయి. ఒడియా యాసలో తెలుగు, తెలుగు యాసలో ఒడియా, రెండింటిలోనూ తడబడే సవర కుర్రవాడు ఈ హాస్యానికి సిద్ధంగా దొరికే సరుకు. స్కిట్టు ముందుగా చూసి సరిచేయడం అధ్యాపకుడి పని, అది సెన్సారు అనిపించుకోదు. ఫిర్యాదుకు జాతీయ స్థాయి ఉచిత నంబరు 1800-180-5522.

మద్యం విషయంలో నటన మానుకోవడం అవసరం. ఒడిశాలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కాబట్టి డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులకు అది చట్టవిరుద్ధం. క్యాంపస్ వేడుకలో దానికి చోటే లేదు. కానీ కొందరు తాగి వస్తారన్నది నిర్వాహకులకు తెలిసిన సంగతే. చౌకగా దొరికే సారా ఈ ప్రాంతంలో మరింత ప్రమాదకరం. 2024 ఆగస్టులో గంజాం జిల్లా చికిటి ప్రాంతంలో సారా తాగి పలువురు ఆస్పత్రి పాలై, కొందరు చనిపోయారు. కల్తీలో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ ఉంటే తాగిన గంటల వరకు ఏమీ తెలియకపోవచ్చు. మర్నాడు చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలయ్యాక గాని తెలియదు, అప్పటికి విలువైన సమయం పోతుంది. మామూలు మద్యమే అయినా, పిలిస్తే పలకని మనిషిని, ఊపిరి మందగించినవాణ్ని, ఒళ్లు చల్లబడి పెదవులు నీలంగా మారినవాణ్ని ‘పడుకుంటే దిగిపోతుంది’ అని గదిలో వదలకూడదు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు ఒత్తిగిలబెట్టి, మనిషి తోడుండి, 108కి ఫోన్ చేయాలి. మజ్జిగ పట్టడం, నిమ్మకాయ పిండటం, తల మీద చన్నీళ్లు గుమ్మరించడం వల్ల మేలు జరగదు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ప్రాణం మీదికి వస్తుంది. స్నేహితులు ఫోన్ చేయకపోవడానికి అసలు కారణం అజ్ఞానం కాదు, భయం. సస్పెండ్ చేస్తారని, ఇంట్లో తెలుస్తుందని భయం. ప్రాణాపాయంలో సాయం పిలిచినవాడి మీద చర్య ఉండదని సంస్థ ముందే రాసి ప్రకటిస్తే, ఎన్ని తనిఖీలు చేసినా దక్కని ఫలితం దక్కుతుంది.

అమ్మాయిల భద్రత పేరుతో జరిగేది చాలావరకు అమ్మాయిల కట్టడే. 2025 జూన్‌లో గోపాల్‌పూర్ తీరంలో ఒక కళాశాల విద్యార్థినిపై సామూహిక అత్యాచారం జరిగిన తరువాత చాలా ఇళ్లలోలాగే, ఆడపిల్లలు బయటికి వెళ్లకుండా చూడటమే మార్గమన్న మాట విద్యాసంస్థల్లోనూ వినిపించడం సహజం. నేరం చేసినవాళ్లు ఆమెను బయటికి పంపినవాళ్లు కారు. వేడుక నిర్వాహకులు చేయగలిగింది వేరే ఉంది. దారి పొడుగునా దీపాలు వెలుగుతున్నాయా, హాస్టల్ గేటు ఆ ఒక్క రాత్రికి అరగంట ఆలస్యంగా మూస్తారా, మరుగుదొడ్డి వేదికకు ఎంత దూరంలో ఉంది, దాని తలుపుకు గడియ ఉందా అన్నవి చూడాలి. హాస్టల్ సమయం సడలించకపోతే ఆలస్యమైన అమ్మాయి లోపలికి రాదు, రాత్రంతా బయటే ఉండిపోతుంది. లైంగిక వేధింపుల నిరోధంపై యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులైతే విద్యార్థి ప్రతినిధులు కూడా అందులో కూర్చోవాలి. ఆ కమిటీలో ఒకరు వేడుక జరుగుతున్నంత సేపూ అక్కడే ఉండి, వారి పేరు, ఫోన్ నంబరు వేదిక పక్కన కనబడేలా రాసి ఉంటే, నోటీసు బోర్డు అద్దాల వెనక ఉన్న జాబితా కన్నా అది పదింతలు పనికొస్తుంది.

పిక్నిక్‌లలో గండం దాదాపు ఎప్పుడూ నీళ్లే. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయినప్పుడు ఆ నది వాళ్లు దిగే సమయానికి ప్రశాంతంగానే ఉంది. ఎగువ ఆనకట్ట నుంచి నీరు వదలడంతో క్షణాల్లో మట్టం పెరిగింది. రెండు రాష్ట్రాల సరిహద్దున మాచ్‌ఖండ్ నది మీద ఉన్న డుడుమ జలపాతానికి వెళ్లేవారు ఎగువన జలాపుట్ జలాశయం ఉందని గుర్తుంచుకోవాలి. బండ మధ్యలో నిలబడి ఫొటో తీసుకునే ముందు స్థానికులను ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు. గోపాల్‌పూర్‌లో సమస్య వేరు. అక్కడ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఈత వచ్చినవాణ్ని కూడా అలసిపోయేలా చేస్తుంది. ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. కొట్టుకుపోతున్నవాణ్ని కాపాడటానికి వరుసగా దూకడం వల్లే ఒక మరణం మూడు మరణాలవుతుంది. తాడు, ఖాళీ నీళ్ల డబ్బా, పొడుగు కర్ర, ఏదైనా విసరాలి గాని మనిషి దూకకూడదు. బస్సు ఎక్కేటప్పుడు లెక్కపెట్టిన తలలను మధ్యాహ్నం భోజనానికి, తిరుగు ప్రయాణానికి మళ్లీ లెక్కపెట్టాలి.

వాతావరణం గురించి ఈ తీరానికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను చిందరవందర చేసింది. అక్టోబరులో ఆరుబయలు సభ పెట్టేవాళ్లు మరో తేదీని కూడా ముందే అనుకొని ఉంచాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో పిడుగులు అంతకన్నా తరచుగా వస్తాయి. ఉరుము వినబడితే మైదానం ఖాళీ చేసి పక్కా భవనంలోకి వెళ్లాలి. షామియానా గొడుగే గాని ఇల్లు కాదు. భోజనం విషయం ఒక్క మాటలో తేలుతుంది. మధ్యాహ్నం వండిన బిర్యానీని మూత పెట్టి రాత్రి తొమ్మిదింటికి వడ్డించకూడదు. ఈ ఉక్కలో రెండు గంటలు గోరువెచ్చగా ఉన్న మాంసం, గుడ్డు, పెరుగు కలిపిన పదార్థాలు నమ్మదగినవి కావు.

వీటన్నిటినీ ఎవరు చూస్తారన్నది చివరికి మిగిలే ప్రశ్న. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఏళ్ల తరబడి నిలిచిపోయిన చోట నిర్వాహక కమిటీ అంటే వాట్సాప్ గుంపే. అందులో ముప్పై మంది ఉంటారు, అందరూ ‘ఓకే’ అంటారు. పదిమందిలో పాము చావదన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. గేటుకు ఒకరు, కరెంటుకు ఒకరు, ప్రథమ చికిత్సకు ఒకరు, వాహనాలకు ఒకరు, ఫిర్యాదులకు ఒకరు అని మనిషి పేరుతో రాసి, ఆ అయిదుగురు ఆ సాయంత్రం నృత్యం చేయరని, యాంకరింగ్ చేయరని ముందే ఒప్పించాలి. ఆ పని బరువైనదే, ఫొటోల్లో కనబడనిది కూడా. అందుకే వేదిక మీద వారి పేర్లు ముఖ్య అతిథి పేరుతో పాటు చదవడం సమంజసం. అత్యవసర ప్రకటనలను ఎవరు, ఏ భాషలో చెబుతారో కూడా తేల్చుకోవాలి. దీపాలు ఆరిపోయినప్పుడు మైకులో వచ్చే ఇంగ్లీషు వాక్యం సగం మందికి చేరదు. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి, చిన్న వాక్యాల్లో, ఏ గేటు వైపు నడవాలో మాత్రమే చెప్పాలి. జనరేటరు ఆగితే మైకు కూడా ఆగుతుంది కాబట్టి బ్యాటరీతో పనిచేసే చేతి మెగాఫోన్ ఒకటి వేదిక దగ్గర ఉండాలి.

వేడుక అయిన వారంలోపు కమిటీ మరోసారి కూర్చోవాలి. చందా ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయిందన్న లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టడం, ఏ గేటు దగ్గర తోపులాట జరిగింది, ఏ వైరు వేడెక్కింది, చివరి విద్యార్థి ఎన్నింటికి ఇల్లు చేరాడు అన్నవి రెండు పేజీల్లో రాసి విభాగం కార్యాలయంలో దాచడం ఆ సమావేశం పని. కమిటీ ఏటేటా మారిపోతుంది గనుక, మరుసటి ఏడాది అనుమతి దరఖాస్తుకు ఆ రెండు పేజీలు జతచేయాలని విభాగం నియమం పెట్టడానికి పైనుంచి ఏ ఉత్తర్వూ అవసరం లేదు, విభాగాధిపతి సంతకం ఒక్కటి చాలు.